సాయంత్రానికి వచ్చే మాట

పెంటమ్మ పొద్దున వాకిట్లో కోళ్లను తిడితే, ఆ తిట్టు అదే వాకిట్లో సాయంత్రానికి వినపడేది. అప్పటికి కోళ్లు గంప కింద ఉండేవి. కూరగాయల చంద్రమ్మ పొద్దున ధర చెప్పిపోయి, పెంటమ్మ బేరం వినడానికి సాయంత్రం మళ్లీ వచ్చేది. పుట్టుకతోనే అంతే కాబట్టి ఎవరూ పరేషాన్ కాలేదు.

గెట్టు అవతల ప్లాట్ల వెంచర్ వేసినతను ఆమె చెలక భూమి కూడా తనదేనని కోర్టుకెక్కి గెలిచాడు. పై కోర్టుకు పోవాలంటే తీర్పు నకలు వకీలు యుగేందర్‌కు ఇవ్వాలి. పెంటమ్మ దాన్ని పసుపు గుడ్డలో ముడుపు కట్టి, కురవి వీరన్న దేవుడి పేరు మీద దూలానికి వేలాడదీసింది. జాతర కాకముందు ముడుపు విప్పకూడదు. వకీలు ఎన్ని ఫోన్లు చేసినా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టలేదు. విప్పేసరికి గడువు దాటింది.

ఎందుకింత ఆలస్యమని పై కోర్టు జడ్జి అడిగాడు. పెంటమ్మ నిటారుగా నిలబడి చాలాసేపు పెదవులు ఆడించింది.

"అవ్వ మాట సాయంత్రానికి వస్తది సార్. జర ఆగుండ్రి," అన్నాడు యుగేందర్.

జడ్జికి అందులో వింతేమీ కనిపించలేదు. ఎవరి మాట కోసమూ కోర్టు ఆగదని అప్పీలు కొట్టేశాడు. అంతకు ముందే ఒక సర్కారు ఆఫీసు ఏళ్లు ఆలస్యంగా వేసిన అప్పీలును, ఫైలు బల్లలన్నీ తిరిగి రావాలి కదా అని, అదే నోటితో విచారణకు తీసుకున్నాడు.

సాయంత్రం ఉత్తర్వుల మీద సంతకాలు పెడుతున్నాడు. పెంటమ్మది అయిపోయింది. మిరప కోతకు వలసపోయి గడువు దాటించుకున్న తండా దస్రు కాగితం చేతిలో ఉంది. 'కొట్టివేయడమైనది' అని సగం రాసేసరికి ఖాళీ హాల్లో మాట మొదలైంది.

"ఎందుకాలస్యమైందని అందరడుగవడితిరి. భూమి ఎవలదని ఒక్కలన్న అడిగిండ్రా? దున్నింది నేను, కలుపు తీసింది నేను. తారీఖు తప్పితే నా కష్టం గూడ అబద్ధమైతదా సారూ? మీరు కాయిదం సూసిండ్రు. నన్ను సూడలే."

జడ్జి కలం ఆగింది. సంతకమైపోయిన ఉత్తర్వు వైపు ఒకసారి చూశాడు. దాన్ని పక్కకు జరిపి, దస్రు కాగితం మీద రాసిన సగం మాట కొట్టేశాడు.

మర్నాడు అప్పీలు తీసుకున్నారని, ఆ సాయంత్రం తలుపు బయట నిలబడి మాట విన్న అటెండర్ సమ్మయ్య చెబితే దస్రు నమ్మలేదు.

"నా దిక్కు ఎవలు మాట్లాడిండ్రన్నా?"

"ఒక అవ్వ. ఆమెది మాత్రం పోయింది."

దస్రు ఆ అవ్వ ఊరి పేరు అడిగి బస్సెక్కాడు. అతను చేరేసరికి వెంచర్ మనుషులు పెంటమ్మ చెలకలో హద్దురాళ్లు పాతుతున్నారు.