ఎర్ర రొయ్యలు ఏరిన చెయ్యి

ముందే ఒప్పేసుకుంటున్నాను. రొయ్యను పళ్లెంలో తప్ప ఇంకెక్కడా గౌరవించిన పాపాన పోలేదు నేను. దాని ఒంటికి రంగునిచ్చే జన్యువులు వేరనీ, విషం తగిలితే ఉలిక్కిపడి లేచే జన్యువులు వేరనీ చిన్ని అనే అమ్మాయి సంగతి విన్నాకే తెలిసింది.

ఆ ఉదయం చిన్ని కాలుష్య ఫిర్యాదుల విచారణ గది బయట బెంచీ మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. ఒళ్లో లాప్‌టాప్, పక్కన వదిన. వదినది రంగు రొయ్యల పెంపకం. అక్వేరియం షాపులవాళ్లు కొనుక్కెళ్లే, గోరంత ఎర్ర రొయ్యలు. ఇంటి వెనక షెడ్డులో వరసగా గాజు తొట్లు, వాటిలోకి కాలువ నీళ్లు. ఎగువన లోహాలకు పూత పూసే ఫ్యాక్టరీ ఒకటి కాలువలోకి గొట్టం పెట్టింది. అప్పట్నుంచీ తొట్లలో రొయ్యలు వెల్లకిలా తేలడం మొదలైంది. ఇవాళ ఆ గొట్టమన్నా మూతపడాలి, లేదా షెడ్డన్నా మూతపడాలి.

చిన్ని యూనివర్సిటీ లాబ్‌లో జన్యువుల మీద పని చేస్తుంది. వదిన రొయ్యల్నే తెప్పించి సగం మంచి నీళ్లలో, సగం కాలువ నీళ్లలో పెట్టింది. వారం తర్వాత చూస్తే మంచి నీళ్లవి ఇంచుమించు అన్నీ దానిమ్మ గింజల్లా ఉన్నాయి, కాలువ నీళ్లవి కడిగిన టీ గ్లాసు రంగులో ఉన్నాయి. రంగు జన్యువులూ అదే మాట చెప్పాయి. వీటిలో జోరు, వాటిలో నీరసం. పైగా ఒంట్లోకి విషం దిగితే లేచే ఒత్తిడి జన్యువులు కాలువ రొయ్యల్లో ఒళ్లు విరుచుకుని లేచి కూర్చున్నాయి. కాకపోతే అది గ్రాఫు. గ్రాఫు చూసి ఎవరి మనసూ కరగదు. అందుకే చిన్ని రెండు తొట్ల రొయ్యలూ పక్కపక్కనున్న ఫోటోని తలుపంత పోస్టరు చేయించింది.

వదిన ఆ పోస్టరు చుట్ట కాస్త విప్పి మురిసిపోయింది.

"ఎంత బాగొచ్చాయే. అన్నీ నా మొదటి రకమే."

"ఏవి వదినా?"

"ఈ ఎర్రవి. ఏరుతున్నప్పుడే అనుకున్నా, షాపుకి పోవాల్సినవి నీ పాల పడ్డాయని."

చిన్ని గోరు పళ్ల మధ్యే ఆగిపోయింది.

"ఏరడమేంటి? చేతికందినవి అందినట్టు వెయ్యమన్నాను కదా."

"అలాగే వేశాను. ఎర్రవి ఇటు, పాలిపోయినవి అటు."

"దాన్ని అందినట్టు అనరు వదినా."

"ఇన్నేళ్లుగా ఈ చేతికి అదే పని. వల ముంచితే చాలు, దానంతటదే ఏరేస్తుంది. టీవీ చూస్తూ కూడా ఏరతాను నేను." వదిన గొంతు తగ్గింది. "తప్పా?"

తప్పే. ఎర్రవి మంచి నీళ్ల వల్ల ఎర్రగా లేవు, పుట్టడమే అలా పుట్టాయి. పాలిపోయినవి లాబ్‌లో కాలువ నీళ్ల తొట్లోకి దిగకముందే పాలిపోయి ఉన్నాయి. తలుపంత పోస్టరు కాలువ గురించి ఏమీ చెప్పడం లేదు, వదిన చేతి అలవాటు గురించి చెబుతోంది. పోనీ వదినని అందామంటే, ఆ రోజు వల ఆవిడ చేతిలో పెట్టి క్లాసు చెప్పడానికి పరిగెత్తింది తనే.

"చెప్పకు," అంది వదిన. "ఎవరికి తెలుస్తుంది? రొయ్యలొచ్చి సాక్ష్యం చెబుతాయా?"

"వాటి సాక్ష్యమే కదా మనం పట్టుకొచ్చింది."

"మరి నా షెడ్డో?"

చిన్ని లాప్‌టాప్ తెరిచింది. ఇంతలో అటెండరు తలుపు సందులోంచి తల బయటపెట్టి, "తర్వాత మీదే, సిద్ధంగా ఉండండి," అని మళ్లీ మూసేశాడు.

"వదినా, గుర్తు తెచ్చుకో. మంచి నీళ్లలోకి అన్నీ ఎర్రవే వెళ్లాయా? పాలిపోయినది ఒక్కటైనా పడిందా?"

"ఎర్రవి సరిపోలేదు. చివర్లో నాలుగు పాలిపోయినవే వేసి సర్దేశా. దానికి కూడా తిడతావా ఏంటి?"

"తిట్టను. కాళ్లకి దండం పెడతా."

ఒక్కో రొయ్యకి ఒక్కో నంబరు, ఒక్కో ఫోటో ఉన్నాయి. చిన్ని ఆ నాలుగింటినీ వెతికి పట్టుకుంది. రంగు జన్యువులు నీరసంగానే ఉన్నాయి, అచ్చం కాలువ రొయ్యల్లో ఉన్నట్టే. అంటే పోస్టరు పని అయిపోయినట్టే. ఇక ఒత్తిడి జన్యువులు. ఆ ఫైలు తెరిచి ఒక్కో నంబరే చూసింది. ఒకటి, నిద్రలో ఉంది. రెండోదీ అంతే. మూడు. నాలుగు. మంచి నీళ్లలో ఉన్న పాలిపోయిన రొయ్యకి ఏ బాధా లేదు.

రంగు పుట్టుకతో వచ్చింది. బాధ కాలువతో వచ్చింది.

తలుపు తెరుచుకుంది.

లోపల బల్లకి అవతల అధికారిణి, ఇవతల ఫ్యాక్టరీ లాయరు. చిన్ని పోస్టరు విప్పలేదు.

"మేడమ్, మేం పంపినవాటిలో ఒక ఫోటో ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రొయ్యల్ని తెలీకుండానే రంగు చూసి వేరుచేశాం."

లాయరు పరీక్ష వాయిదా పడ్డ పిల్లాడిలా వెలిగిపోయాడు. "ఇంకేం మేడమ్, మొత్తం చెల్లదు. పాలిపోయినవి ముందునుంచే రోగిష్టివేమో."

"రోగిష్టివైతే మంచి నీళ్లలో కూడా ఆ జన్యువులు లేవాలి. ఈ నాలుగింటిలో లేవలేదు."

"నాలుగు రొయ్యల మాట మీద మా గొట్టం మూయిస్తారా?"

అధికారిణి లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని ఆ నాలుగు వరసలూ చదివింది. వదిన తన సంచి పిడిని మెలిపెడుతూనే ఉంది.

"తీర్పుకి నాలుగు చాలవు," అంది అధికారిణి చివరికి. "అనుమానానికి చాలు. ఇవాళే గొట్టం దగ్గర నీళ్లు పట్టిస్తాను, ఆ తర్వాత గొట్టానికి సీలు. ఆ నీళ్లతో పరీక్ష మళ్లీ చెయ్యండి, ఫ్యాక్టరీ మనిషి ఎదురుగా. ఈసారి తేడా రాకపోతే సీలు తీసేస్తాం. అప్పుడిక ఈ ఫిర్యాదు మళ్లీ నా బల్ల మీదకి రాకూడదు."

బయటికొచ్చాక వదిన అంది, "ఫోటో చూపించి ఉంటే ఈపాటికి అయిపోయేది."

"అయిపోయేది. లాయరు ఎప్పుడో నీ షెడ్డుకొచ్చి నువ్వు రొయ్యలు ఏరడం చూసేదాకా."

వదిన పోస్టరు చుట్టని చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

రెండోసారి లాబ్‌లో ఫ్యాక్టరీ మనిషి స్టూలు వేసుకుని రెప్పవాల్చకుండా కూర్చున్నాడు. వదిన వల పట్టుకుని కళ్లు మూసుకుంది. అయినా చిన్ని పైనుంచి గుడ్డ కట్టింది.

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నీ చేతి మీద లేదు."

అంతసేపూ ఆ చెయ్యి చీకట్లో తెలియని ఇంటి మెట్లు దిగుతున్నట్టు తడబడింది. ఫ్యాక్టరీ మనిషి కుడి అంటే కుడి తొట్లోకి, ఎడమ అంటే ఎడమ తొట్లోకి.

వారం గడిచాక రెండు తొట్లలోనూ ఎర్రవీ పాలిపోయినవీ కలిసే తిరుగుతున్నాయి. చూసి ఏ నీళ్లు మంచివో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. రంగు జన్యువులూ తేడా చూపలేదు. ఒత్తిడి జన్యువులు మాత్రం గొట్టం నీళ్లలోనే లేచాయి, ఎర్రదనీ పాలిపోయినదనీ చూడకుండా ప్రతి రొయ్యలోనూ. ఈసారి చిన్ని తీసుకెళ్లింది ఒక్క గ్రాఫే. అధికారిణి అది చూసి, "మీ ఎదురుగానే వేశారు కదా?" అని ఫ్యాక్టరీ మనిషిని అడిగింది. అతను తలూపాడు. గొట్టానికి సీలు అలాగే ఉండిపోయింది.

తలుపంత పోస్టరు ఇప్పుడు షెడ్డులో ఎండ పడకుండా తొట్ల మీద కప్పి ఉంది. దాని కింద వదిన చెయ్యి ఎర్రవి ఇటు, పాలిపోయినవి అటు ఏరుతూనే ఉంది.

మీ చేతులు కూడా మిమ్మల్ని అడక్కుండా ఎప్పుడో ఏదో ఏరేసే ఉంటాయి. ఏం ఏరాయో, మీకెప్పుడు తెలిసిందో రాయండి. ఎవరి చేతినీ తిట్టనని మాటిస్తున్నాను.