బకెట్లో రబ్బరు పిల్లలు

గూటి అడుగున ఒక్క చుక్క నీళ్లు లేవు. టీటా పొట్ట మాత్రం గాలి తీసిన సంచిలా జారిపోయి ఉంది. నోరీన్ గబగబా గూటి తలుపు తీసింది.

టీటా ఆమె పెంచుకుంటున్న ఊసరవెల్లి. గుడ్లు పెట్టే రకం కాదు, కొమ్మ మీద కూర్చుని ఒక్కో పిల్లనీ కిందికి జారవిడిచే రకం. కిందటిసారి నీళ్లు చల్లే మోటారు చల్లుతూనే ఉంది, అడుగు ట్రేలోని కన్నం ఆకులతో మూసుకుపోయింది, పడ్డ పిల్లలు పడ్డట్టే మునిగిపోయాయి. అన్నం గరిటెతో ఎత్తిందామె వాటిని. అప్పట్నుంచీ ట్రేలో నీళ్ల చప్పుడు వింటే చాలు, ఒళ్లు జలదరించేది. అందుకే ఈసారి ట్రేని వాలుగా పెట్టి, కన్నాన్ని బొటనవేలు దూరేంత పెద్దది చేసింది. దాని కింద లావుపాటి గొట్టం, గొట్టం కింద బకెట్. నీళ్లు జర్రున దిగిపోతుంటే చూసుకుని మురిసిపోయింది కూడా.

ఇప్పుడు ఆకులెత్తి చూసింది. కుండీ వెనక చూసింది. ఒక్క పిల్లా లేదు. కన్నంలో బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయింది. వేలు దూరినచోట పిల్ల దూరదూ?

వంగి చూస్తే బకెట్ కూడా లేదు.

పొద్దున్నే ఆ నీళ్లు పట్టుకెళ్లేది పక్కింటి క్లారెన్స్ అంకుల్. ఊసరవెల్లి రెట్ట కలిసిన నీళ్లకి, కూలా కొండవాలులో పండే తమ ఉల్లిపాయ తలకాయంత ఊరుతుందని ఆయన నమ్మకం. ఆయన మళ్లలో తిరిగే కోళ్లకి మాత్రం ఏ నమ్మకాలూ లేవు, కదిలిందల్లా మింగడమే.

నోరీన్ చెప్పులైనా లేకుండా పరిగెత్తింది.

"అంకుల్! నీళ్లు పోసేశారా?"

ఉల్లిమడిలో కలుపు తీస్తున్నాయన నడుం ఎత్తాడు. "పోశానే పిల్లా. ఏం, నీ మొగుడుగానీ జారిపడ్డాడా అందులో?"

"నవ్వకండి అంకుల్. బకెట్లో ఏమన్నా ఉన్నాయా?"

"ఆఁ, ఉన్నాయి. చారు కాచుకున్నా. ఉప్పే కాస్త తగ్గింది."

ఈయన చెప్పేదాంట్లో ఏది నిజమో కట్టుకున్న డోరిస్ ఆంటీకే తెలియదు. మొన్నటికి మొన్న అదే బకెట్లో రబ్బరు జెర్రిని వేసి, నోరీన్ కెవ్వుమంటే కంచె పట్టుకుని నవ్వాడు.

"టీటా ఈనింది అంకుల్. పిల్లలు గొట్టంలోంచి బకెట్లోకి పోయాయి."

"నాకే టోపీయా! జెర్రికి బదులు తీర్చుకుందామని రబ్బరు పిల్లల్ని వేశావు. ఎక్కడ కొన్నావే, గోళ్లు కూడా ఉన్నాయి!"

"అవి రబ్బరువి కావు. చన్నీళ్లకి బిగుసుకుపోయుంటాయి."

ఆయన నవ్వు మొహం మీదే మిగిలింది గానీ, కళ్లలోంచి పోయింది.

"ఎక్కడ పెట్టారు?"

"మయోనీస్ సీసాలో. మూత బిగించి... ట్రక్కులో ముందు పెట్టాను. చర్చి ఫాదర్ గారి కాఫీలో వేద్దామని..."

కొండ మీది మంచు ఎప్పుడో విడిపోయింది. ట్రక్కు నిలువెండలో ఉంది, అద్దాలు పైకెత్తి ఉన్నాయి. క్లారెన్స్ అంకుల్ పరిగెత్తడం నోరీన్ అదే మొదటిసారి చూడటం. తలుపు పిడి చుర్రుమన్నా ఆయన వదల్లేదు. సీసా లోపలంతా ఆవిరి పట్టి ఏమీ కనపడటం లేదు. మూత రావడం లేదు.

"బిగించింది నేనేనే... నాకే రావట్లేదే..." మూతని రెండు చేతులా పట్టి తిప్పుతున్నాడు.

నోరీన్ లాక్కుని, గౌను అంచుతో పట్టి తిప్పింది. నీడలో ఆయన గడ్డి టోపీలోకి వంచింది. తడి దారప్పోగుల్లా ఒకదాని మీద ఒకటి పడ్డాయి పిల్లలు. చన్నీళ్లు చిలకరించింది. ఒక్కటీ కదల్లేదు. మళ్లీ గరిటె గుర్తొచ్చింది ఆమెకి.

"ఏదో ఒకటి చెయ్యవే," అన్నాడాయన, ఏడుపు గొంతుతో.

"వేలు పెట్టండి."

మట్టి వేలు పెట్టాడు. ఎంతసేపో. ఒక పిల్ల కాలు విప్పి, ఆ వేలిని పట్టుకుంది. ఇంకోటి కదిలింది. ఆ పక్కది కూడా. అడుగునున్నవి కదల్లేదు.

మర్నాడు నోరీన్ కన్నానికి దోమల జాలీ ముక్క బిగించింది. ఆయన వచ్చాడు, చేతిలో బియ్యం కడిగే జల్లెడ.

"జాలీ కట్టాను అంకుల్. ఇంకేం రావు."

"నీ జాలీ నీది, నా జల్లెడ నాది."

గొంతుక్కూర్చుని బకెట్ కొంచెం కొంచెంగా వంచుతున్నాడు. జల్లెడలో సన్నటి ఆకు ముక్క ఒకటి చిక్కింది. ఆయన చెయ్యి ఠక్కున ఆగిపోయింది. గోటితో దాన్ని మెల్లగా తిరగేసి, ఆకేనని రూఢి చేసుకునేదాకా మిగతా నీళ్లు పోయలేదు.