ఆరూ నలభై ఐదు పోయిన ఇల్లు

ఇందుపల్లి భుజంగరావు ప్రాణం పోయిన మంగళవారంనాడే ఆ ఇంట్లోంచి పది నిమిషాలు కూడా పోయాయి. గోడ గడియారం ఆరూ నలభై నాలుగు దాకా బుద్ధిగా నడుస్తుంది. ఆ వెంటనే ఆరూ యాభై ఐదు చూపిస్తుంది. మధ్యలో ఏమీ ఉండదు.

ఆయన భార్య హైమవతి ఆరూ నలభై నాలుగుకి పాలు పొయ్యి మీద పెడుతుంది. చెయ్యి వెనక్కి తీసుకునేలోగా పాలు పొంగి, మాడి, అడుగున నల్లగా చెక్క కట్టి ఉంటాయి. మొదటి వారం ఆమె గిన్నెని అనుమానించింది. రెండో వారం పొయ్యిని. మూడో వారం నుంచి పాలు మానేసి, వంటింటి గుమ్మంలో నిలబడి ఆ పది నిమిషాల కోసం ఎదురు చూస్తోంది. కూర్చుంటే కాళ్ళు లాగుతున్నాయి. నిలబడితే చేతులు ఊరుకోవు; రేడియో మీది గుడ్డ సర్దుతాయి, తీస్తాయి, మళ్ళీ సర్దుతాయి.

ఆమె బాలికల హైస్కూల్లో తెలుగు టీచరు. ఆయన ఆ ఊరి రేడియోలో పొద్దుట ఆరూ నలభై ఐదు వార్తలు చదివేవాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో వాళ్ళకో పద్ధతి ఉండేది. ఆయన చదువుతుంటే ఆమె ఎర్ర పెన్ను పట్టుకుని వినేది. తప్పులన్నీ నోటుపుస్తకంలో రాసి, పేజీ కింద గీసిన గడిలో మొత్తం ఎన్నో వేసేది. ఎనిమిదింటికి ఆయన చెప్పులు విప్పుతూనే, "ఇవాళ ఎన్ని, టీచరు గారూ?" అనేవాడు. మూడంటే ఒక కాఫీ తాగేవాడు. సున్నా అంటే రెండు తాగేవాడు.

ఆ సోమవారం ఏడు వచ్చాయి.

"రేపు ఒక్కరోజు రేడియో పెట్టకే హైమా. నీ ఎర్ర పెన్ను తలుచుకుంటే నాలుక మడత పడుతోంది," అని ఆయన నవ్వాడు.

ఎవరు ఏ మాటన్నా ఉన్నదున్నట్టు తీసుకోవడం హైమవతికి అలవాటు. మంగళవారం ఆమె రేడియో పెట్టలేదు. ఆ ఉదయమే ఆయన వార్తల మధ్యలో, మైకు ముందే, ఆగిపోయాడు. నోటుపుస్తకంలో ఆ పేజీకి తేదీ ఉంది. గడి ఉంది. గడిలో అంకె లేదు.

మేడ మీద ఉండే వర్ధనమ్మ మెట్ల మీంచే పలకరిస్తుంది.

"మా ఇంట్లో నిక్షేపంగా ఉందమ్మా ఆరూ నలభై ఐదు. మా ఆయన రోజూ అందులోనే గడ్డం గీసుకుంటాడు. తోడుకి కాస్త ఇస్తాను, పట్టండి. నాలుగు చుక్కలు వేసి మూత పెడితే మీకూ పేరుకుంటుంది."

చిన్న స్టీలు గిన్నెలో రెండు నిమిషాలు తెచ్చి ఇస్తుంది. హైమవతి మూత తీసి చూస్తుంది. అందులో సబ్బు నురగ వాసన వేస్తోంది. అడుగున ఎవరో కొత్తాయన వార్తలు చదువుతున్నాడు.

"ఇది మా ఇంటిది కాదు, వర్ధనమ్మ గారూ."

"చోద్యం కాకపోతే, టైముకి ఇంటిపేరు ఉంటుందా?"

"మాదానికి ఉండేది."

"అయితే ఆ రేడియో స్టేషన్‌కే వెళ్ళి అడగండి. ఊరికే గుమ్మం అరగదీస్తే వస్తుందా?"

గుమ్మం నిజంగానే అరిగింది. రెండు పాదాల మేర గుంటలు పడ్డాయి. హైమవతి వాటిలోంచి కాళ్ళు బయటికి తీసి, నోటుపుస్తకం, ఎర్ర పెన్ను సంచిలో వేసుకుని బయలుదేరుతుంది.

రేడియో కేంద్రంలో డ్యూటీ ఆఫీసరు మస్తాన్ వలి ఆమెను చూడగానే లేచి నిలబడతాడు.

"రండి టీచరమ్మా. మీ పది నిమిషాలు ఇక్కడే ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు."

"మరి పంపలేదేం?"

"ఎలా పంపుతామమ్మా? ఆ రోజు వార్తలు ఇంకా అయిపోలేదు. 'ఇంతటితో వార్తలు సమాప్తం' అని సారు అనలేదుగా. ఆ మాట పడితేగానీ స్టూడియో ఖాళీ అయినట్టు కాదు. కొత్తాయన్ని పక్క గదిలో కూర్చోబెట్టి నెట్టుకొస్తున్నాం."

"ఆ మాట మీరే అనేసి ఉండొచ్చుగా?"

"సారు తప్పులు పట్టే అధికారం ఉన్నవాళ్ళే అనాలమ్మా. ఆ అధికారం మీకు తప్ప ఎవరికుంది? మీరు అనేస్తే పది నిమిషాలూ మీవి. సంచిలో వేసుకుని వెళ్ళిపోవచ్చు."

ఆయన గొడుగొకటి తీసి ఆమె చేతికిస్తాడు. "లోపల వాన పడుతోంది."

నడవాలో వాన పడుతూనే ఉంది. ఆరేళ్ళ కిందట భుజంగరావు ఒకసారి పొరపాటున ముందురోజు వాతావరణం కాగితం చదివేశాడు. ఆ రోజు బయట ఎండ కాసింది. చెప్పిన భారీ వర్షం ఎక్కడో ఒకచోట పడాలి కనుక ఇక్కడ పడుతోంది.

"దీనికి మీరు ఒకటే తప్పు వేశారట," అంటాడు మస్తాన్ వలి, చొక్కా పిండుకుంటూ. "సారు వారం రోజులు చెప్పుకున్నారు. మా ఆవిడకి ఎంత జాలో అని."

"జాలి కాదు. కాగితం ఒకటే కదా."

ఆమె అడుగు వేసినప్పుడల్లా నడవా ఒక తలుపంత పొడుగు సాగుతోంది. చివర్న ఉన్న ఎర్ర దీపం వెనక్కి వెనక్కి జరుగుతోంది. హైమవతి వేగం పెంచుతుంది. దీపం కూడా పెంచుతుంది.

"నెమ్మదిగా రండమ్మా. లోపల వార్తలు నడుస్తున్నాయి కదా, మన చెప్పుల చప్పుడు వినపడకుండా గది కాస్త దూరం జరుగుతోంది. అంతే."

ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటుంది. దీపం ఆగుతుంది.

తలుపు పక్కన మూడు గోనె మూటలున్నాయి. మూతులు కుట్టేసి ఉన్నాయి.

"ఇవేమిటి?"

"సారు ఓసారి వార్తల మధ్యలో తుమ్మారు, గుర్తుందా? తుమ్మి, 'క్షమించాలి' అన్నారు. ఊరంతా శతాయుష్షు శతాయుష్షు అని కార్డులు రాశారు."

"ఒక్కటీ విప్పలేదే!"

"ఆయన పేరు మీద వచ్చాయమ్మా. ఆయనే విప్పుకోవాలి. రేపు చూద్దాంలే మస్తానూ, అంటూ ఉండేవారు."

హైమవతి మూట మీద చెయ్యి పెడుతుంది. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉంది. ఆమె చెయ్యి తీసి కొంగుకి తుడుచుకుంటుంది. మళ్ళీ పెడుతుంది.

స్టూడియోలో కేన్ కుర్చీ ఒక్కటే ఉంది. అందులో ఎవరూ లేరు. కానీ దాని అల్లిక మనిషి బరువుకి కిందికి దిగి, ఊపిరి ఊపిరికీ కాస్త కదులుతోంది. బల్ల మీద చివరి కాగితం ఒక మూల లేచి ఉంది. మస్తాన్ వలి మూట ఒకటి ఈడ్చుకొచ్చి కుర్చీ పక్కన వేస్తాడు.

"కూర్చోండి. మొదట్నుంచీ వినండి. ఆయన ఆగిన చోట మీరు అందుకోండి."

ఆయన అద్దం అవతలికి వెళ్ళిపోతాడు. హైమవతి విప్పని నూరేళ్ళ మీద కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది.

గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత ఆయన.

"వార్తలు చదువుతున్నది భుజంగరావు. వింటున్నది హైమవతి."

ఎర్ర పెన్ను ఆగిపోతుంది. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ రెండో మాట ఎప్పుడూ చదవలేదు.

వార్తలు సాగుతున్నాయి. కాలువకి నీళ్ళు వదిలారు. వంతెన పనులు మొదలయ్యాయి. పరీక్షల తేదీలు మారాయి. ఆయన కాగితాలు తిప్పడు, చప్పుడు కాకుండా పక్కకి జరుపుతాడు. ఆ జరిపే గాలి ఆమె మణికట్టుకి తగులుతోంది. ఒత్తులన్నీ పలికాయి. ఊళ్ళ పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. తొమ్మిది నిమిషాలు గడిచినా తప్పు ఒక్కటీ లేదు.

"ముఖ్యాంశాలు మరోసారి," అంటాడాయన.

అక్కడ ఆగుతాడు.

హైమవతి పెన్ను గడి మీద పెడుతుంది. సున్నా చుట్టబోయి ఆగుతుంది. ఆ మంగళవారం ఆమె వినలేదు. వింటున్నదని ఆయన ఊరందరికీ చెప్పాడు. అది తప్పే. ఒకటి వేయాలి. ఒకటి గీయబోయి మళ్ళీ ఆగుతుంది. ఇప్పుడు వింటోంది.

అద్దం పక్కనున్న మీట నొక్కి అడుగుతుంది.

"మస్తాన్ గారూ, వార్తల్లో చెప్పింది తప్పో ఒప్పో ఎప్పుడు తేలుతుంది?"

"వార్తలు అయ్యాకేనమ్మా. అవకముందు ఎప్పుడైనా సర్దుకోవచ్చు."

"అయిపోతే?"

"తారీఖు పడిపోతుంది. మంగళవారం అని. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

మంగళవారం పడితే, ఆ మంగళవారంలో రేడియో మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఆయన ఎవరూ వినని ఇంటికి చదివినట్టవుతుంది.

"అయ్యాక ఆయన?"

"వార్తలు చదివేవాళ్ళు అయ్యాక ఇంటికి వెళ్తారు కదమ్మా."

"ఎవరింటికి?"

"అది మా విభాగం చూడదు." మస్తాన్ వలి వాచీ చూసుకుంటాడు. "తొందరేం లేదు టీచరమ్మా. కాకపోతే ఈ గదిని ఊరంతటికీ కలిపేశాను. జనం ముగింపు కోసం కాచుకున్నారు."

హెడ్‌ఫోన్లలో ఊరు వినిపిస్తోంది. ప్రతి ఇంట్లో పాలు గిన్నె అంచు దాకా వచ్చి నిలబడ్డాయి. పొంగవు, దిగవు. వర్ధనమ్మ మొగుడు ఒక చెంప గీసుకుని, రెండో చెంప దగ్గర రేజరు పట్టుకుని ఉన్నాడు. స్కూలు గంట మీదికి వెళ్ళిన సుత్తి గాల్లోనే ఉంది. పాలు మటుకు, పొర్లడానికి వీల్లేక, నిలువుగా పెరుగుతున్నాయి. పెంకుల్ని సుతారంగా ఎత్తి, ఇళ్ళ మీద తెల్లటి స్తంభాలై, రేడియో కేంద్రం వైపు వంగి వింటున్నాయి.

ఆమె కింద మూట కుట్లు ఒక్కొక్కటే తెగుతున్నాయి. కార్డులు ఒకదాని కింద ఒకటి దూరుతూ ఆమెను పైకి ఎత్తుతున్నాయి. పక్కన కేన్ కుర్చీ కూడా ఆమెతో సమానంగా లేస్తోంది. మైకు కాడ సాగి, ఇద్దరి మధ్యా నిలుస్తోంది.

హైమవతి ఊపిరి పీల్చుకుంటుంది. కుర్చీ కూడా అప్పుడే పీల్చుకుంటుంది.

గడిలో అంకె వేయలేదు. సమాప్తం అన్న మాట ఇంకా చదవలేదు.