శుక్రవారం తెలిసిన సంగతి

జెరూసలేంలోని ఒక ఆసుపత్రిలో, పిల్లలు లేనివాళ్ళకు వైద్యం చేసే ల్యాబులో పెస్యా పని చేస్తుంది. డాక్టరు కాదు, నర్సూ కాదు. ఒకరి బిడ్డ పొరపాటున ఇంకొకరి కడుపున పడకూడదని రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, పెట్టిన కాపలా మనిషి. మీద రాసిన పేరు ఆమె చదివి తల ఊపితే తప్ప అక్కడ ఏ గాజు గొట్టానికీ మూత తీయరు. పదకొండేళ్ళుగా ఒక్క తప్పూ జరగనివ్వలేదు.

తమ ఇంటి పై అంతస్తులో ఉండే హెన్యా ఆ ల్యాబుకే వచ్చేసరికి మాత్రం పెస్యాకు గుండె దడదడలాడింది. హెన్యాకు పెళ్ళై తొమ్మిదేళ్ళు. ఇది నాలుగో ప్రయత్నం.

"నువ్వుంటే నాకు భయమేంటి పిన్నీ! మా ఆయన పేరు సరిగ్గా చూడు. ఎవరి ముక్కుతోనో పిల్ల పుడితే మా అత్తగారు గడప తొక్కనివ్వదు."

"మీ ఆయన ముక్కే వస్తే ఆ పిల్లకి పెళ్ళెలా చేస్తావే?" అంది పెస్యా. ఇద్దరూ నవ్వుకున్నారు.

మంగళవారం అయిదు అండాలు తీశారు. నాలుగు పిండాలయ్యాయి. శుక్రవారం పొద్దున పెస్యా పేర్లు చదివాక, ల్యాబులో పనిచేసే ఓరిత్ మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరిపింది.

"ఒక్కటీ నిలవలేదు. అన్నీ ముక్కలైపోయాయి."

"మళ్ళీ చూడమ్మా."

"చూశాను పెస్యా గారూ. రెండుసార్లు."

ఆదివారం వాటిని గర్భంలో పెట్టాల్సింది. "ఎలాగూ ఆదివారం వస్తారుగా, నేనే చెబుతాను. ఈ సాయంత్రం నుంచి రేపటి దాకా సబ్బాతు, ఆ విశ్రాంతి పండుగ పూట ఆ ఇంట్లో ఏడుపెందుకు?" అన్నాడు డాక్టరు. పెస్యాకు మనసొప్పక, తనను ఆ పనిలో పెట్టిన రబ్బీకి ఫోను చేసింది.

"నిన్ను పేరు చూడమన్నాం గానీ కబురు మోయమనలేదు కదమ్మా" అన్నాడాయన మెల్లగా. "పైగా సబ్బాతు ముంగిట చెడ్డమాట నోట రానివ్వకూడదు."

ఆ మధ్యాహ్నం హెన్యా చేపల గిన్నె పట్టుకుని కిందికి దిగింది.

"చెప్పకూడదని నాకు తెలుసులే పిన్నీ. ఊరికే నీ మొహం చూసి పోదామని వచ్చాను."

పెస్యా పొయ్యి వైపు తిరిగింది. లేని పని ఏదో వెతుక్కుంది.

"ఒక్కసారి ఇటు తిరిగి నవ్వు. నాకది చాలు."

పెస్యా తిరిగింది. నవ్వేసింది.

ఆ సాయంత్రం పైనుంచి హెన్యా భర్త ఎలియాకీం సబ్బాతు పాటలు గొంతెత్తి పాడుతుంటే వినపడింది. మరునాడంతా పైన అడుగుల చప్పుడే లేదు. రేపటి కోసం హెన్యా ఇప్పటినుంచే కాలు కింద పెట్టడం లేదని పెస్యాకు అర్థమైంది. పైకి వెళ్ళాలని రెండుసార్లు తలుపు తీసింది. రెండుసార్లూ వేసేసింది.

ఆదివారం డాక్టరు గదిలోంచి హెన్యా తిన్నగా పెస్యా దగ్గరికొచ్చింది. కళ్ళలో తడి లేదు.

"నీకు శుక్రవారమే తెలుసు కదూ?"

పెస్యా తల ఊపింది.

"చెప్పనందుకు నేనేమీ అనను. మరి ఎందుకు నవ్వావు?"

ఎలియాకీం వచ్చి, "పద హెన్యా" అన్నాడు. లోపల ఓరిత్ పిలుస్తోంది, వేరే దంపతుల గొట్టం మూత తీయాలని. పెస్యా వెళ్ళక తప్పలేదు. కళ్ళు మసకబారి, ఆ పేరు మూడుసార్లు చదవాల్సి వచ్చింది.

రెండు నెలలు హెన్యా మాట్లాడలేదు. ఒకరోజు మెట్ల మీద తనే ఆగింది.

"మళ్ళీ మొదలుపెడుతున్నాం. హైఫాలో."

"అంత దూరమా? బస్సులో ఆ కుదుపులకి..."

"అక్కడ కాపలా ఉండేదెవరో నాకు తెలీదు పిన్నీ. నాకలాగే కావాలి."

పెస్యా గోడకు ఒదిగి దారి ఇచ్చింది. హైఫాలో ఏమైందో తర్వాత ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడగడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.