మేకు లేని నేల

ఇంటికి మనిషి వస్తున్నారంటే ఎవరైనా ఇల్లు కడుక్కుంటారు. ఆ రోజు నేను కర్టెన్లు ఊడదీశాను. గోడ పెచ్చులూడిన చోట ఏళ్ల తరబడి వేలాడుతున్న క్యాలెండరు తీసేశాను. వంటింటి కుళాయికి బిగించిన గుడ్డపీలిక విప్పి నీళ్లు కారనిచ్చాను. మా అత్త నరసమ్మ మంచం మీద కూర్చుని, నాకేదో గాలి సోకిందన్నట్టు చూసింది.

"ఏటే మణీ, సర్కారు మనిషొస్తాదన్నావు. ఇల్లు సుబ్బరంగా ఉంచాల గాని, ఇలగ పాడు సేసుకుంటారేటి?"

నా పేరు మణిమాల. బర్మాలో, లమ్మడా పేటలో దారాలు, లేసులు, బొత్తాలు అమ్మే కొట్టు నాది. ఏ సరుకుకి ఎప్పుడు ధర పెంచి చెప్పాలో, ఎప్పుడు పెదవి విరిచి తగ్గించాలో నాకొకరు నేర్పక్కర్లేదు. ఆ రోజు పెదవి విరవాల్సిన రోజు.

మేముండేది లిఫ్టు లేని పాత బిల్డింగులో ఆరో అంతస్తు. మా మామగారి కాలం నుంచీ అక్కడే అద్దెకి ఉండేవాళ్లం. పదేళ్ల కిందట ఇంటాయన అమ్మేస్తానన్నాడు. మా దగ్గరున్నదీ, బ్యాంకు ఇస్తానన్నదీ కలిపినా చాల్లేదు. అప్పుడు సర్కారు పథకం ఒకటి ఉంటే, ఇంటి ఖరీదులో పావు వాటా వాళ్లు పెట్టారు. దానికి వడ్డీ లేదు. కాకపోతే గడువులోగా ఆ పావు తిరిగి కట్టాలి. అదీ కొన్ననాటి ధరకి కాదు, కట్టేనాటికి ఇల్లెంత చేస్తే అందులో పావు. గడువు దాటితే ఇల్లు అమ్మించి వాళ్ల వాటా వాళ్లు తీసుకుంటారు. ఇల్లెంత చేస్తుందో మన నోటితో చెబితే చెల్లదు. లైసెన్సున్న మనిషి వచ్చి, కొలిచి, విలువ కట్టి రిపోర్టు రాయాలి.

గడువు నెలాఖరుకి వచ్చేసింది. నా గాజులు, చీటీ డబ్బు, మింగళాడోన్ ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే మా ఆయన కృష్ణకుమార్ దాచింది, అన్నీ కలిపితే ఒక మొత్తం తేలింది. రిపోర్టులో పావు ఆ మొత్తాన్ని దాటిందా, మేం రోడ్డున పడతాం. ఆయనకి సెలవు దొరకలేదు. అత్తా నేనూ మాత్రమే ఉన్నాం.

విలువ కట్టడానికి వచ్చినావిడ పేరు దా మ్యా సాన్. బర్మాలో పెద్దావిడ పేరు ముందు దా అని చేర్చి పిలవాలి. ఆరు అంతస్తులూ ఎక్కి గుమ్మంలో చెప్పులు విడిచి, గోడ పట్టుకుని ఆవిడ రొప్పుతుంటే నాకు లోలోపల ఎంత సంతోషమో. మా ఊళ్లో పైకి వెళ్లేకొద్దీ ఇంటి ధర తగ్గుతుంది. ఇంకా రొప్పు తల్లీ అనుకున్నాను. ఇంతలో మా అత్త పళ్లెం నిండా వేడివేడి గారెలు పట్టుకొచ్చింది. ఎప్పుడు వండిందో నాకు తెలియదు. మురికి కంపు కొట్టాల్సిన ఇల్లు గారెల వాసనతో ఘుమఘుమలాడిపోయింది.

ఆవిడ మాటకారి కాదు. చేతిలో చిన్న మీటరు ఉంది, దాన్ని గోడ మీదికి పెడితే ఎర్రచుక్క పడి కొలత వస్తుంది. ఆ చుక్క వెనకాలే నేనూ తిరిగాను. పెచ్చులు చూపించాను, కారే కుళాయి చూపించాను, వానకి కిటికీ దగ్గర నీళ్లెలా దిగుతాయో చూపించాను. ఆవిడ అన్నింటికీ తలూపి రాసుకుంది. నాకు ఊపొచ్చింది. నేల మీద పరిచిన ప్లాస్టిక్ షీటు చిరుగులు చూపించి, పైనే ఇలా ఉందంటే కింద సిమెంటు ఎలా ఉంటుందో చూసుకోండి, మొన్నటి భూకంపానికి పగిలే ఉంటుంది అన్నాను. ఆ మాట అనమని నన్నెవరూ అడగలేదు.

పగుళ్లుంటే కళ్లతో చూడకుండా రాయకూడదు, షీటు తీయండి అంది ఆవిడ.

మా అత్త మంచం దిగింది. "అది తియ్యకే మణీ," అంది. గొంతులో బతిమాలడం ఉంది, నేను పట్టించుకోలేదు. నేను పెళ్లయి వచ్చేసరికే ఆ షీటు ఉంది. పాతది అరిగితే దాని మీదే కొత్తది పరిచేది అత్త. ఎన్నిసార్లు తీసేద్దామన్నా ఒప్పుకోలేదు. పిసినారితనం అనుకునేదాన్ని. చూడకపోతే రిపోర్టు ఇవ్వలేనని ఆవిడ అంటుంటే, ఈ చింపిరి గుడ్డ మీద ఇంత ప్రేమేమిటని ఒళ్లు మండి, కిటికీ వైపు అంచు పట్టుకుని లాగాను.

పైది, దాని కింద ఇంకోటి, దాని కింద పువ్వులు వెలిసిపోయిన మరోటి. మూడింటినీ కలిపి చాప చుట్టినట్టు చుట్టుకుంటూ ముందుకు వెళ్లాను. చుట్టేకొద్దీ ఏదో వాసన లేచింది, ఎప్పటిదో చెక్కపెట్టె మూత తీసినట్టు. వంటింటి గుమ్మం దాకా వెళ్లి, నడుం సవరించుకుని వెనక్కి తిరిగాను.

పొడుగాటి గది మొత్తం, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, జానెడు చెక్కముక్కలు చాప అల్లికలో ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. ఎర్రవి, నల్లవి, తేనె రంగువి, మీగడ రంగువి. వేలు దూర్చేంత సందు కూడా లేదు. కొన్నింటి మీద చిత్రిక పట్టినా పోని ముద్రలున్నాయి. చైనా అక్షరాలు, అరబ్బీ అక్షరాలు, ఏ దేశానివో తెలియని అక్షరాలు. సరుకు పెట్టెల మీద వేసే బొమ్మలు కూడా ఉన్నాయి. తడపొద్దని చెప్పే గొడుగు, పగులుతుందని చెప్పే గాజు గ్లాసు, ఇటు పైకి అని చెప్పే బాణం. గొడుగులన్నీ వాన కొట్టే కిటికీ దగ్గర ఉన్నాయి. గ్లాసులన్నీ వంటింటి గుమ్మం దగ్గర. బాణాలన్నీ దేవుడి మూల వైపు తిరిగి ఉన్నాయి.

పెళ్లయి వచ్చిన నాటి నుంచీ దీని మీదే తిన్నాను, దీని మీదే పడుకున్నాను, దీని మీదే పోట్లాడాను. గుళ్లో హారతి ఇచ్చేటప్పుడు కూడా పక్కావిడ చీర చూసే మనిషిని నేను. అలాంటి నాకు తెలియకుండానే రెండు చేతులూ దగ్గరికి వచ్చాయి.

దా మ్యా సాన్ మీటరు జేబులో పెట్టుకుంది. గుమ్మం దగ్గరికి వెళ్లి, కాళ్లకున్న మేజోళ్లు విప్పి మడిచి పక్కన పెట్టి, వట్టి పాదాలతో నేల మీదికి వచ్చింది. ఒక్కో అడుగూ వేస్తూ గది చివరి దాకా వెళ్లి, ఒక గొడుగు బొమ్మ పక్కన చతికిలపడింది. ఎవరు చేశారని అడిగింది.

అత్త చెప్పింది. మామగారు అచ్చయ్య సేక్కాన్ రేవులో కళాసీ. ఓడలో సరుకు కదలకుండా సందుల్లో దూర్చే చెక్కల్ని, సరుకు దిగాక కూలీలకి వదిలేసేవారు. అందరూ పొయ్యిలోకి పట్టుకెళ్లేవారు. ఆయన మాత్రం రోజూ ఒకటో రెండో భుజాన వేసుకొచ్చి, కోసి, చిత్రిక పట్టి, ఒక పక్క నుంచి పేర్చుకుంటూ వచ్చాడు. ఆయనకి ఏ భాషలోనూ అక్షరమ్ముక్క రాదు. బొమ్మలు మాత్రం బాగా తెలుసు, పెట్టెలు మోసినవాడు కదా. అద్దె ఇంటికి ఈ సోకేమిటని జనం నవ్వేవారట. నేల పూర్తయ్యాక ఇంటాయన చూస్తే అద్దె పెంచుతాడని భయమేసి షీటు పరిచేశారు.

అంటే నేను ఒక్క పూట చేసిన పని మా అత్త నలభై ఏళ్లుగా చేస్తోందన్నమాట. మళ్లీ నన్నే తప్పుపట్టింది పొద్దున్న.

నవ్వు రావాల్సింది, రాలేదు. ఎందుకంటే దా మ్యా సాన్ లేచి కాగితాలు మళ్లీ తీసింది. ఇన్నేళ్లలో ఎన్నో ఇళ్లు చూశాను గానీ ఇలాంటిది చూడలేదు అంది. ఇలాంటి నేలకి హోటళ్లవాళ్లు ఎంతైనా ఇస్తారంది. ఇంట్లో ప్రత్యేకంగా ఏదైనా ఉంటే దాని విలువ విడిగా కట్టి కలపాలి, చూశాక చూడనట్టు రాయలేను అంది. ఆ మాట మెల్లగా, నొచ్చుకుంటూనే చెప్పింది. చేతులారా నా కొంప నేనే ముంచుకున్నాను. కుళాయి చూపించి ఊరుకున్నా సరిపోయేది కదా, ఈ పాడు నోటికి షీటు చిరుగులే కావలసి వచ్చాయా అని నన్ను నేను తిట్టుకుంటూ, చుట్టిన షీటు మీదే కూలబడ్డాను. నా గాజులు ఏ మూలకి వస్తాయి. వచ్చే నెల మేం ముగ్గురం ఎక్కడుంటాం.

మా అత్త మాత్రం నన్ను చూడలేదు. దా మ్యా సాన్ ముందుకు వెళ్లి బర్మా భాషలో నిదానంగా అంది.

"ఇది ఇంటిది కాదమ్మా. మాది."

ఇంటి నేల ఇంటిది కాకుండా ఎలా పోతుందని ఆవిడ అడిగింది. అత్త గోడ వారగా మోకాళ్ల మీద కూర్చుంది. అక్కడ గోడకీ నేలకీ మధ్య సన్నటి కొయ్య చీలలు బిగించి ఉన్నాయి. మొలలోంచి తాళంచెవి తీసి ఒక చీలని కదిపింది, రెండోదాన్ని కదిపింది, లాగేసింది. నన్ను రమ్మని సైగ చేసింది. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఎత్తితే నేల పైకి లేచింది. తలుపు రెక్కంత పలక, చెక్కలన్నీ అడుగున ఒకదానితో ఒకటి కొయ్య ముక్కలతో బిగిసి, ఒక్క ముక్కా రాలకుండా చేతుల్లోకి వచ్చింది. కింద చెక్కుచెదరని సిమెంటు ఉంది. పక్క పలకా అంతే, దాని పక్కదీ అంతే. గది మొత్తంలో ఒక్క మేకు లేదు.

ఓడలో చెక్క అలాగే బిగిస్తారట. తరువాతి రేవులో విప్పాలి కనుక మేకు కొట్టరు. అప్పట్లో మిలటరీ సర్కారు కొట్లూ ఉద్యోగాలూ లాక్కుంటే మన తెలుగువాళ్లు ఎంతమందో ఇల్లూ వాకిలీ ఉన్నవి ఉన్నట్టు వదిలి ఓడెక్కిపోయారు, ఆ ఓడల్లోకి వాళ్ల పెట్టెలు ఎక్కించింది మామగారే. ఇంటాయన రేపు పొమ్మంటే ఏం చేయాలన్నది ఆయనకి ఎప్పుడూ మనసులో ఉండేది. అందుకని ఒక్కో పలకా ఒక్క మనిషి భుజం మీద మోసేంత చేశాడు. పొమ్మంటే నేలని కూడా భుజాన వేసుకుని పోదామనుకున్నాడు ఆ మనిషి. నేను ఆ పలక అంచు పట్టుకుని నిలబడి ఉన్నాను. నేను కళ్లతో చూడని ఆ మామగారి కాళ్ల మీద పడాలనిపించింది.

దా మ్యా సాన్ సిమెంటు మీద చెయ్యి పెట్టి చూసింది. తరువాత పలక మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంటికి అతికించనిది ఇంటి విలువలోకి రాదు, అది మంచాలూ బీరువాల కిందికి వస్తుంది అంది. మేం పలకని మళ్లీ దించి చీలలు బిగించేదాకా ఆగి, మా ముందే రాసింది. నేల సిమెంటు, పగుళ్లు లేవు. చెక్కకి విలువ సున్నా. ఆ సున్నా చూడగానే నాకు కోపం ముంచుకొచ్చింది. సున్నా ఏమిటండీ, కళ్లు పెట్టుకుని చూశారు కదా అనేశాను. పొద్దున్నుంచి సున్నా కోసం దేవుళ్లకి మొక్కిందాన్ని నేనే. అత్త నా మోచెయ్యి గిల్లింది. ఆవిడ నవ్వి, రెండు గారెలు తిని, మేజోళ్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది.

సాయంత్రం కృష్ణకుమార్‌కి ఫోన్ చేసి ఈ నేల సంగతి నీకు తెలుసా అని నిలదీశాను. చిన్నప్పుడు గొడుగు బొమ్మ మీద పడుకునేవాణ్నని, ఊసెత్తొద్దని అమ్మ ఒట్టు వేయించుకుందని నసిగాడు. ఆ తగువు ఇంకా తీరలేదు. ఫోన్ పెట్టి చూసేసరికి మా అత్త ఆ చింపిరి షీట్లని మళ్లీ పరిచేస్తోంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంకా ఎవరికి భయపడి దాస్తున్నావత్తా, అద్దె పెంచేవాడెవడున్నాడని అడిగాను.

"ఇల్లు మనదయిన్నాడు తియ్యమన్నాడే ఆయన. ఆ రోజు మేకు కొడతానన్నాడు. ఇంకా పావు మనది కాదని నువ్వే కదేటి సెప్పినావు?"

నేనే చెప్పాను. పదేళ్ల కిందట కాగితాలు తెచ్చి, ఇల్లు మనదైంది తీసుకో అత్తా అని చూపించినప్పుడు ఆవిడ మొహం వెలిగింది. నేను ఊరుకోకుండా, మొత్తం కాదులే, పావు సర్కారుదే అని కూడా అన్నాను. ఆవిడ కాగితాలు నా చేతికిచ్చేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పావు కోసం పదేళ్లు ఆగిందని నాకు ఇప్పుడు తెలిసింది.

రిపోర్టు వచ్చింది. ఆరో అంతస్తు, లిఫ్టు లేదు, నీళ్లు దిగే కిటికీ. పావు వాటా మా మొత్తంలోపే ఉంది, నా కమ్మలు కూడా మిగిలాయి. కృష్ణకుమార్ సెలవు పెట్టి డబ్బు కట్టి, వాటా తీరినట్టు ముద్ర వేయించుకున్న కాగితంతో మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. అత్త దాన్ని చేత్తో తడిమి, ఇప్పుడు పావు కూడా మనదేనా అని అడిగింది. మనదే అన్నాను. ఇంకేమీ అనకుండా ఈసారి నోరు కట్టుకున్నాను.

ఆవిడ బాల్కనీలోకి వెళ్లి, కింద ఇనప సామాన్ల కొట్టువాణ్ని కేకేసింది. మా బిల్డింగుల్లో పైనుంచి వీధిలోకి తాళ్లు వేలాడుతుంటాయి, కావలసింది కింద క్లిప్పుకి తగిలిస్తే పైకి లాక్కుంటాం. మేకు ప్లాస్టిక్ సంచిలో ఊగుతూ ఆరో అంతస్తు దాకా వచ్చింది. ఈలోగా మేమిద్దరం మూడు షీట్లనీ చుట్టి బయట పడేశాం. కిటికీ నుంచి ఎండ గొడుగు బొమ్మల మీద పడి గది పొడుగునా పాకింది.

గుమ్మం దగ్గర చివరి పలక పసుపు రాసిన గడపని ఆనుకుని ఉంటుంది. అత్త అక్కడ కూర్చుని, మేకుని చెక్క మీంచి గడపలోకి ఏటవాలుగా నిలబెట్టి, నెమ్మదిగా కొట్టింది. మేకు సగం దాకా దిగింది. ఇంక ఈ నేలని ఎవరూ ఎత్తుకుపోనక్కర్లేదు. ఆవిడ కళ్లు తుడుచుకుని సుత్తి నా చేతిలో పెట్టి, మిగతాది నువ్వు కొట్టమంది.

నేను కొట్టాను.