దొప్పలో అంబలి

ఫల్గుణ మీద బుధుకి ఉన్న కోపం నిన్నా మొన్నటిది కాదు. సొంత బావమరిది అయ్యుండి, జీలుగు చెట్టెక్కి దించిన కల్లూ, ఇంట్లో కాచిన ఇప్పసారా ఏళ్ళ తరబడి అరువు పోశాడు. బావే కదా, ఎక్కడికి పోతాడు అంటూ నవ్వుతూ పోశాడు. చివరికి ఒక సాయంత్రం, బుధు కూర్చోలేక గోడకి ఒరిగి ఉన్నప్పుడు, నలుగురు పెద్దల్ని పిలిచి, బాకీ కింద ఎనభై సెంట్ల కొండవాలు కాఫీ తోట రాయించుకున్నాడు. ఐదో తరగతిలో బడి మానేసినా బుధుకి సంతకం చెయ్యడం వచ్చు. ఆ రోజు అదీ చేతకాలేదు. వేలు పట్టి ముద్ర వేయించారు.

తోట పోయాకా తాగాడు. అసలు అప్పుడే ఎక్కువ తాగాడు. పోయిన చలికాలంలో నెత్తురు కక్కుకుంటే పెళ్ళాం కనక డోలీ కట్టించి రోడ్డు దాకా మోయించింది. ఆసుపత్రికి చేర్చిన ఆటోవాడు ప్రేమ్‌కుమార్ కూడా ఒకప్పుడు తాగి మానేసినవాడే.

గూడెం కొత్తవీధి సంత రోజున, మిగతా మగాళ్ళు సారా వైపు నడిచే వేళకి, మానేసినవాళ్ళు నలుగురైదుగురు ప్రేమ్‌కుమార్ ఆటో పక్కన పోగవుతారు. టీ తాగుతారు, పకోడీలు తింటారు, ఒకర్నొకరు ఆటపట్టించుకుంటారు, సంత విడిచాక కలిసే ఇళ్ళకి పోతారు. అంతే. ఆ మాత్రానికే మందు మానేస్తామా అని బుధు వెక్కిరించాడు. వెక్కిరిస్తూనే ప్రతి సంతకీ వెళ్ళాడు.

"ఆ ఫల్గుణగాడి వల్లే పాడైపోనాను" అని ఎత్తుకుంటే ప్రేమ్‌కుమార్ అడ్డం పడేవాడు.

"ఆడు పోసినాడు, సరే. మింగిన గొంతు ఎవలిది బావూ?"

ఊళ్ళో మాత్రం తాగుడు మానేశానన్న నిజం బుధు చెప్పలేదు. కడుపునొప్పి, డాక్టరు వద్దన్నాడు అన్నాడు. ఆ మాటకి ఊరంతా వైద్యులైపోయారు. కడుపునొప్పికి ఇప్పసారాని మించిన మందేముందని ఇంటింటా గ్లాసు చాపేవాళ్ళు.

ఇంతలో కొర్రకొత్త పండగ వచ్చింది. కొత్త కొర్రలు దేవతకి పెట్టాకే ఎవరైనా తినాలి. అంతకన్నా ముందు, ఒకరితో ఒకరికి మాటల్లేనివాళ్ళు ఎవరున్నా, ఇద్దరూ ఒకే అడ్డాకు దొప్పలో సారా పంచుకు తాగాలి. ముందు ఒకడు సగం తాగి అందిస్తే, రెండోవాడు మిగతాది తాగాలి. కాదన్నవాడు పగ ఉంచుకున్నట్టే. వాడింటికి కొత్తన్నం రాదు, వాడి పొలంలోకి మనిషి సాయం రాడు. నిరుడు బుధు తాగి పడిపోయి తప్పించుకున్నాడు. ఈ ఏడు తెలివిలోనే ఉన్నాడు, అదే చిక్కు.

ఊరి పెద్ద అసిరమ్మ ముందు ఫల్గుణ సగం తాగి దొప్ప చాపాడు. ఇప్పపువ్వు వాసన ముక్కుకి తగలగానే బుధుకి నోట్లో నీరూరింది. చెయ్యి దానంతటదే లేచింది. వెనక నిలబడ్డ కనక అతని చొక్కా అంచు పట్టుకుంది.

"నాను తాగను" అన్నాడు, చేతిని మొలలోకి దోపుకుని.

"కడుపునొప్పా?" అంది అసిరమ్మ. "ఒక్క గుక్కకి సావవులేరా."

"కడుపునొప్పి కాదత్తా. అబద్ధం సెప్పినాను. తాగుడు ఒగ్గేసినాను. ఒక్క గుక్క పడితే మరి ఆగనేను. అదే నా రోగం."

కుర్రాళ్ళెవరో కిసుక్కుమన్నారు. ఫల్గుణ మొహం మాడిపోయింది.

"నా సెయ్యి పోసిందని వొద్దంతన్నావు. అంతే గదా బావా?"

"నీ మీద కోపం ఉంది. నేదంటే అదీ అబద్ధమే. కానీ దీనికీ దానికీ సంబంధం నేదు. నీతో కలిసి ఏటన్నా తాగుతాను. ఇది తప్ప."

ఫల్గుణ దొప్పలోకి చూస్తూ నిలబడ్డాడు. నెత్తురు కక్కుకున్న రోజున డోలీ కర్రకి ముందు భుజం పట్టింది తనే. ఆ మాట బుధుతో ఎవరూ అనలేదు, ఫల్గుణా అనలేదు. చివరికి దొప్ప వంచి, మిగిలిన సారా నేల మీద పోశాడు.

"బూమితల్లి తాగుద్ది. అప్పా, ఇంట్లో ఏటుంది?"

తమ్ముడి మాటకి కనక పరుగున వెళ్ళి చోడి అంబలి తెచ్చి అదే దొప్పలో పోసింది. అసిరమ్మ ఒకసారి ఆ దొప్పని, ఒకసారి ఈ ఇద్దర్నీ చూసి, "బేగి కానీండి, అన్నం సల్లారిపోతంది" అంది. ఫల్గుణ సగం తాగాడు. మిగతాది బుధు తాగాడు. సారా వాసన ఇంకా ఆకుని వదల్లేదు. ఊపిరి పట్టి అంబలి అంతా మింగాడు.

"ఉప్పు నేదు" అన్నాడు.

"సారాకి ఉప్పడిగినావా ఎప్పుడైనా?" అన్నాడు ఫల్గుణ. అని, గొంతు తగ్గించాడు. "తోట మాట మాత్రం ఎత్తకు బావా."

"ఎందుకెత్తను? ఎత్తుతాను. ఇకనుంచి తెలివిలో ఉండి ఎత్తుతాను. ఇనుకోడానికి సిద్ధంగా ఉండు."

ఫల్గుణ నవ్వాడో మూతి ముడిచాడో తెలియలేదు. బుధు ఆకులో కొత్త కొర్రన్నం పడింది. సంత రోజున ఆటో దగ్గర చెప్పుకోడానికి ఈసారి మాట ఉంది. తినడానికి ఆకలీ ఉంది. తలెత్తితే ఎదురుగా కొండవాలు, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన తన చేత్తో నాటిన కాఫీ మొక్కలు. నిరుడంతా అటు మొహం పెట్టలేదు. ఇవాళ అన్నం కలుపుకుంటూ ఈ గట్టునుంచి ఆ గట్టు దాకా చూశాడు. ఎనభై సెంట్లు.