నాలుగు మూలలా పసుపు

పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో, ఉపేంద్ర ఇంట్లో రోజూ సాయంత్రం ఐదింటికి వాళ్లక్క భ్రమరాంబ వంటిల్లు ఊడుస్తుంది. తమ్ముడు దాచుకున్న పాత బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులోని దొర సరిగ్గా అప్పుడే బంతి విసురుతాడు. శనగగింజంత బంతి. వెళ్లి ఏ ఫ్రిజ్ వెనకో పడుతుంది.

"నువ్వు విసరడం, నేను వెతకడం! నడుం విరుగుతోంది నాయనా" అని విసుక్కుంటూనే ఆవిడ దాన్ని తెచ్చి కార్డు ముందు పెడుతుంది. ఆయన టోపీ తీసి, వంగి తీసుకుంటాడు.

నలభై దాటినా ఉపేంద్రకి పెళ్లి కాలేదు. కారణం చైత్ర. పెర్త్ సిటీలో ఓ షాపులో కార్డులకి గ్రేడింగ్ చేస్తుంది. భూతద్దం పెట్టి మూలలూ అంచులూ చూసి, పదికి ఇన్నని మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేస్తుంది. నాలుగేళ్లుగా ఆమె దగ్గరికి కార్డు తర్వాత కార్డు మోశాడు గానీ, మనసులో మాట ఒక్కటి చెప్పలేకపోయాడు. ఒట్టి వెర్రిమాలోకం! సోమవారం ఆమె సిడ్నీకి మకాం మార్చేస్తోంది. శనివారమే షాపులో ఆఖరి రోజు. అందుకే ఆ రోజు, ఉన్నవాటిలోకెల్లా మేలైన దొర కార్డునే బయటికి తీశాడు.

స్నానం చేసొచ్చేసరికి అక్క దానికి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి ముందు పెట్టింది.

"అక్కా, ఏంటీ పని? గ్రేడింగ్‌లో ముందు చూసేది మూలలే!"

"శుభమా అని బయటికెళ్లే కార్డు. బోడిగా పంపమంటావా?"

దొర గట్టిగా తుమ్మాడు. ఇంక చేసేదేముంది, ఉపేంద్ర అలాగే పట్టుకెళ్లాడు.

చైత్ర భూతద్దం దించింది. "కార్నర్స్ మొత్తం పోయాయి ఉపేంద్ర గారూ. పసుపా ఇది?"

"మా అక్క..."

"మా ఇంట్లో వెడ్డింగ్ కార్డ్స్‌కి మమ్మీ ఇలాగే పెట్టేది" అని నవ్వింది. "ఇంతకీ పెళ్లెవరిది?"

ఉపేంద్ర నోరు తెరిచాడు. ఎప్పట్లాగే మాట రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

కార్డులో దొర మోకాలెత్తి, చెయ్యి గిర్రున తిప్పి విసిరాడు. బంతి సూటిగా వెళ్లి ఉపేంద్ర గొంతులో పడింది. పొలమారింది. దగ్గీ దగ్గీ కళ్లు ఎర్రబడ్డాక బంతి ఊడిపడింది, దాని వెనకే మాట కూడా.

"మనది!"

చైత్ర బంతిని టిష్యూతో తుడిచి కార్డు ముందు పెట్టింది.

"ఈ ముక్క చెప్పడానికి నాలుగేళ్లా?" అంది కోపంగా. ఆ వెంటనే కంప్యూటర్ అతనివైపు తిప్పింది. "సోమవారం ఫ్లైట్‌లో ఇంకో రెండు సీట్లున్నాయేమో చూడండి. మీ అక్కగారిని ఒంటరిగా వదిలేసి వస్తారా ఏంటి?"